బల్బు విప్పేసిన పెట్టె

ప్రొద్దుటూరులో మా బావ ఇంటి గేటును పాలతను తట్టినప్పుడు పొద్దున ఐదూ యాభై అయింది. అప్పటికి వింతేమీ జరిగినట్టు నాకు తెలియదు. దయ్యాలను నేను నమ్మను. మా అక్క పోయాక, నమ్మితే బాగుండునని అనిపించిన రోజుల్లో కూడా నమ్మలేదు.

అక్క కాలేజీలో జువాలజీ చెప్పేది. రిటైరయ్యాక ఏటా కార్తీకంలో పెరట్లో దీపపు ఎర పెట్టేది. చెక్కపెట్టె, మూతకు గరాటు, దాని మీద బల్బు. వెలుగుకు వచ్చిన రెక్కల పురుగులు లోపలికి జారి, కోడిగుడ్ల అట్టల గుంటల్లో ఒదిగి పడుకుంటాయి. తెల్లవారాక వాటి పేర్లు రాసుకుని, గోరింకల కంట పడకముందే కరివేపాకు చెట్టు నీడలో వదిలేసేది.

ఆమె పోయాక బావ ఆ పని పట్టుకున్నాడు. పేర్లు తెలియవు. "బూడిద రంగుది, చిన్నది" అని రాసేవాడు. వేళకు తినడు. ఒకసారి షుగర్ తగ్గిపోయి పెట్టె పక్కనే పడి ఉంటే ఎదురింటివాళ్లు చూశారు. ఇంకోసారి ఎవరూ చూడకపోతే? అందుకే జమ్మలమడుగులో మా ఇంటికి తీసుకుపోదామని వచ్చాను. బతిమాలగా బతిమాలగా, అలసిపోయి ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రం వెలుతురుండగానే బల్బు విప్పి, తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. అట్టలు నేనే దులిపాను. ఒక్క పురుగూ లేదు. వీధిదీపం ఆ వారమంతా వెలగలేదు.

పొద్దున పాలగిన్నె గట్టు మీద పెట్టి, పెట్టెను లోపల పెట్టేద్దామని మూత ఎత్తాను. గుంటగుంటకూ పురుగు ఉంది. కొన్నింటిలో రెండేసి.

పాలతను తొంగి చూశాడు. "ఏంది మామా, రాత్రంతా దీపం పెట్టినారా? కరెంటోళ్లు మీ మీదనే బతుకుతాండారు."

బావ వచ్చి చాలాసేపు చూశాడు.

"నువ్వు పో బామ్మర్దీ," అన్నాడు. "నేను రాలేను."

"బస్సుకు టైమైతాంది బావా."

"వీటిని ఎవరు వదలాల?"

అట్టలు ఒక్కొక్కటే తీసి చెట్టు కిందికి మోశాడు. నేను ఒక్కడినే బస్సెక్కాను.

వెలుగు లేకున్నా పురుగులు సందుల్లో దూరుతాయని తర్వాత చదివాను. ఒకటి రెండు దూరుతాయేమో. బావే లేచి బల్బు పెట్టాడేమో అనీ ఆలోచించాను. మనసు మార్చుకుంటాడని ఆయన సంచి నా తలకింద పెట్టుకునే పడుకున్నాను. ఎటు చూసినా నాకు లెక్క కుదరలేదు.

రోజూ పొద్దున ఫోన్ చేస్తాను. ఆయన ఎత్తేదాకా నిలబడే ఉంటాను. జమ్మలమడుగుకు రమ్మని మాత్రం ఇప్పుడు అడగడం లేదు.