పావుగంట విప్లవం

ప్రపంచ చరిత్రలో సమ్మెలు చాలా జరిగాయి. కొన్ని మూడు రోజులు సాగాయి, కొన్ని మూడు నెలలు సాగాయి. వాటి మీద లావుపాటి పుస్తకాలు కూడా వచ్చాయి. మా బాబాయ్ చేసిన సమ్మె పంతొమ్మిదేళ్లు సాగింది. దాని గురించి ఏ చరిత్రకారుడూ ఒక్క వాక్యం రాయలేదు. రాయకపోవడానికి కారణం బహుశా అది రోజుకి పావుగంట మాత్రమే జరగడం, అందులో మా బాబాయ్ తప్ప మరొకరు పాల్గొనకపోవడం అయ్యుంటుంది.

బాబాయ్ ఒక అచ్చాఫీసులో మెషీన్‌మ్యాన్. అదే అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం నాకు వేయించింది కూడా ఆయనే. అక్కడ అందరూ ఆయన్ని 'సిద్ధాంతం' అనేవాళ్లు. ఎదురుగా ఉంటే 'సిద్ధాంతం గారు' అనేవాళ్లు. ఆ తేడా ఆయనకి తెలుసు, దాన్ని కూడా సిద్ధాంతరీత్యా క్షమించేవాడు.

సరిగ్గా నాలుగింటికి బాబాయ్ మెషీను మీట కిందికి దించేవాడు. అంతవరకూ లోకాన్ని దద్దరిల్లజేస్తున్న ఆ ఇనప రాక్షసి ఒక్కసారి నిట్టూర్చి ఆగిపోయేది. ఆయన చేతుల సిరా గుడ్డపీలికతో తుడుచుకుని, మూడు కాళ్ల స్టూలు చంకన పెట్టుకుని, వీధి గుమ్మం ముందు వేసుకుని కూర్చునేవాడు. మెడలో ఒక అట్టముక్క. దాని మీద 'సమ్మె' అని ఉండేది. నాలుగుంపావు కాగానే అట్టముక్క తిప్పేవాడు. అటువైపు 'సమ్మె విరమణ' అని ఉండేది. లేచి వచ్చి మీట పైకెత్తేవాడు.

అంతేకాదు, ఆరింటికి అందరూ ఇళ్లకి వెళ్తే ఆయన మాత్రం ఇంకో పావుగంట ఉండి, సమ్మెలో ఆగిన కాగితాలన్నీ అచ్చువేసి మరీ వెళ్లేవాడు. యజమానికి ఒక్క కాగితం కూడా నష్టం రాకుండా జరిగిన సమ్మె భూమ్మీద ఇదొక్కటే అయ్యుంటుంది. "మన పోరాటం వ్యవస్థతో రా, కాగితాలతో కాదు" అనేవాడు.

ఓనరు గారు పెద్దాయన, నెమ్మదస్తుడు. కాకపోతే ఆయనకి ఒకే ఒక్క రూలు ఉండేది. దాన్ని ఎర్రక్షరాలతో అచ్చువేయించి హాలు నిండా అంటించాడు: 'మెషీను తిరుగుతున్నంతసేపూ ఎవరూ చోటు కదలరాదు.' మెషీను దగ్గర కాగితం అందించేవాడి నుంచి, చివర పుస్తకాలు కుట్టే బైండింగ్ అక్క వరకూ, ప్రూఫులు పట్టుకు తిరిగే నాకు తప్ప, అందరికీ అదే రూలు. మెషీను ఆగితే మాత్రం ఎవరు ఎటు పోయినా ఆయన పట్టించుకునేవాడు కాదు. ఎందుకంటే ఆ సమయంలో ఆయన కూడా గుమ్మం దగ్గర చర్చల్లో ఉండేవాడు.

"చర్చలు వీధి గుమ్మం దగ్గరే జరగాలి. ప్రజల సమక్షంలో" అన్నది బాబాయ్ పెట్టిన మొదటి షరతు. ప్రజలంటే, ఆ వేళకి ఎదురుగా సైకిళ్ల షాపు ముందు పంక్చరు వేస్తూ కూర్చునే ఒక మనిషి. అతను తలెత్తి చూసేవాడు కూడా కాదు.

"ఏవయ్యా సిద్ధాంతం, ఇవాళ ఏం కావాలి?" అంటూ ఓనరు గారు కుర్చీ తెచ్చుకుని, వీధి వైపు తిరిగి కూర్చునేవాడు.

"తొమ్మిదో డిమాండు అలాగే ఉండిపోయిందండీ."

"ఏవిటది?"

"ప్రపంచంలో ఉన్న భూమంతా సమానంగా పంచాలి."

"అది నా చేతుల్లో లేదయ్యా."

"ప్రయత్నం కూడా చెయ్యట్లేదు మీరు."

ఇలా పావుగంట గడిచిపోయేది. దినపత్రికలో సగం ఆయన, సగం ఈయన చదువుకునేవాళ్లు. మొత్తం డిమాండ్లు నలభై మూడు. వాటిలో పంతొమ్మిదేళ్లలో నెరవేరింది పదిహేడోది ఒక్కటే. అది, సమ్మె చేసుకోవడానికి ఒక స్టూలు.

ఇక బాబాయ్ సిద్ధాంతం ఏమిటంటే, లోకంలో ఉన్న సంపదంతా ఎవరో ఒకరి దగ్గర తీసుకున్న సమయమే. బల్ల అంటే బల్ల కాదు, వడ్రంగి రోజున్నర. చొక్కా అంటే దర్జీ మూడు గంటలు. మా ఇంటికి ఎప్పుడొచ్చినా కుర్చీలో కూర్చునే ముందు ఒక్క క్షణం ఆగి, అందులో ఎవరైనా ఉన్నారేమో అన్నట్టు చూసేవాడు. "నెమ్మదిగా కూర్చో రా. ఒక మనిషి మధ్యాహ్నం మీద కూర్చుంటున్నావు" అని నన్ను హెచ్చరించేవాడు. తీసుకున్న సమయాన్ని మనుషులకి తిరిగిచ్చేయడమే విప్లవం అని ఆయన నిర్వచనం.

ఈ విషయం మీద ఆయన ఒక మహాగ్రంథం రాస్తుండేవాడు. కాగితం కొనడం సిద్ధాంతానికి విరుద్ధం కాబట్టి అచ్చులో పాడైపోయిన కాగితాల వెనక వైపు రాసేవాడు. అందువల్ల 'శ్రమ దోపిడీ మూలాలు' అనే అధ్యాయం తిరగేస్తే దగ్గు మందు లేబుళ్లు కనిపించేవి. 'రాజ్యం ఎలా అంతరించును' అన్న దాని వెనక పెళ్లి శుభలేఖలు, అదీ ఒకే జంటవి, ఎనభై. వరుడి ఇంటిపేరు తప్పుపడింది. ఆ తప్పు నేనే వదిలేశాను. విప్లవ సాహిత్యానికి నేను చేసిన సేవ అదొక్కటే.

ఇంట్లో పిన్ని ఈ సిద్ధాంతాన్ని ఆయన కంటే బాగా వంటబట్టించుకుంది. "ఈ కూరలో నావి గంటా పది నిమిషాలున్నాయి. కంచంలో వదిలారంటే దోపిడీ అవుతుంది" అనేది. ఒకరోజు పొయ్యి ఆర్పేసి, గరిట పట్టుకుని వంటింటి గడప మీద కూర్చుంది.

"ఏవిటిది?" అన్నాడు బాబాయ్.

"సమ్మె. బట్టలు మీరే ఆరెయ్యాలి. నీళ్లు మీరే పట్టాలి. ఆదివారం పూట వంట మీదే."

"న్యాయమే. ఒప్పుకున్నాను."

"మా అక్క వస్తే మొహం మాడ్చుకోకూడదు."

"ఒప్పుకున్నాను."

"అదేవిటండీ! అన్నిటికీ ఇలా ఒప్పేసుకుంటే ఇంక నేను ఎందుకు అలగాలి?" అని పిన్ని గరిట విసిరికొట్టింది. యాజమాన్యంగా బాబాయ్ అంత బలహీనుణ్ణి నేను మళ్లీ చూడలేదు.

ఈ కథ నేను చాలామందికి చెప్పి నవ్వించాను. చెప్పకూడని ఒక మనిషికి కూడా చెప్పాను.

ఓనరు గారికి మోకాళ్లు పట్టేయడంతో అచ్చాఫీసు పగ్గాలు ఆయన కూతురు చేతికి వచ్చాయి. మేము చిన్నమ్మ గారు అనేవాళ్లం. చురుకైన మనిషి, యాజమాన్యమంటే ఏమిటో కాలేజీలో చదువుకుని వచ్చింది. మొదటి వారమే నన్ను పిలిచి, "మెషీను రోజూ నాలుగింటికి ఎందుకు ఆగుతోంది?" అని అడిగింది. నేను బాబాయ్ గురించి చెప్పాను. చెప్తూ చెప్తూ, నా ఖర్మ కాలి, పిన్ని గరిట కథ కూడా చెప్పాను. ఆవిడ పడీపడీ నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి పెన్ను తీసింది.

మర్నాడు నాలుగింటికి బాబాయ్ స్టూలు వేసుకుని కూర్చునేసరికి ఆవిడ ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టింది.

"మాస్టారూ, మీ నలభై మూడు డిమాండ్లూ ఒప్పుకున్నాం. సంతకం ఉంది, స్టాంపు కూడా ఉంది."

"అన్నీనా?" బాబాయ్ కాగితం తిరగేసి చూశాడు.

"అన్నీ. గోడ గడియారం పనివాళ్ల వైపు తిప్పించాను. నా గది తలుపు మీద 'యజమాని' తీసేసి 'ఇక్కడ కూర్చునే మనిషి' అని రాయించాను. శనివారం హాలు నేనే ఊడుస్తాను."

"మరి... తొమ్మిదోది?"

"ప్రపంచంలో భూమా? మా వంతు మేం పంచేశాం. ఆ గుమ్మం పక్క పూలకుండీ ఇవాళ్టినుంచి అందరిదీ. ఇంక సమ్మె అక్కర్లేదు కదా?"

విజయం సాధించిన విప్లవకారుల ముఖాలు ఎలా ఉంటాయో నేను పుస్తకాల్లో చదివాను. బాబాయ్ ముఖం వాటిలా లేదు. పన్ను పీకించుకుని బయటికొచ్చిన వాడిలా ఉంది. తర్వాత మెల్లగా, "ఇవాళ్టికి ఆపలేమమ్మా. విజయోత్సవం ఉంటుంది. పావుగంట" అన్నాడు.

"కానివ్వండి. రేపట్నించి మాత్రం మెషీను ఆగడానికి వీల్లేదు" అందావిడ.

నాకు నవ్వాగలేదు. నలుగురి ముందూ నవ్వితే బాగుండదని హాలు దాటి వెనక తలుపు వైపు వెళ్లాను. ఆ తలుపు కిర్రుమని తెరుచుకుని ఉంది. బయట సందులో బైండింగ్ అక్క పరిగెడుతోంది. నలభై దాటిన మనిషి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, చెప్పులు కూడా లేకుండా. సందులో మూడో ఇంట్లోకి దూరింది. వెనకే వెళ్తే కిటికీలోంచి కనిపించింది. మంచం మీద ఒక ముసలావిడ. అక్క చెంచాతో మందు పట్టింది, మూతి తుడిచింది, రెండు చేతులూ వేసి ఆవిణ్ణి జాగ్రత్తగా రెండో పక్కకి తిప్పింది, వీపు కింద గుడ్డ మార్చింది. "ఇవాళ ఆలస్యమైందే" అంటోంది ముసలావిడ. "నిమిషమేనే అమ్మా. అక్కడేదో సంబరం జరుగుతోంది" అంటోంది అక్క. అంటూనే మళ్లీ పరుగు. నాలుగుంపావుకి ఏమీ ఎరగనట్టు సూదిలో దారం ఎక్కిస్తోంది.

నేను తిన్నగా బాబాయ్ దగ్గరికి వెళ్లాను.

"పంతొమ్మిదేళ్లూ ఇదేనా?"

"గట్టిగా అరవకు. అవును, మందు నాలుగింటికి పడాలి. ఆవిడ మంచాన పడ్డ కొత్తల్లో అక్క వెళ్లి పెద్దాయన్ని అడిగింది. పావుగంట ఇప్పించండీ అని. 'అమ్మ ముఖ్యమైతే ఇంట్లోనే ఉండమ్మా, ఎవరొద్దన్నారు' అన్నాడు. ఆ మర్నాడు నాకు సిద్ధాంతం తట్టింది."

"అంటే, సిద్ధాంతం కంటే ముందే సమ్మె మొదలైందా?"

"ఏ సిద్ధాంతమైనా అలాగే పుడుతుందిరా. తర్వాత చదువుకున్నవాళ్లు వచ్చి వరస మారుస్తారు."

"చిన్నమ్మ గారు మంచావిడే బాబాయ్. ఉన్న విషయం చెప్పేస్తే..."

"చెప్తే జాలిపడుతుంది. జాలిపడి ఇచ్చేది ఆవిడ మనసు బాగున్నన్నాళ్లే ఉంటుంది. రేపు ఇంకో ఓనరు వస్తాడు. అప్పుడు అక్క మళ్లీ వెళ్లి చేతులు కట్టుకుని నిలబడాలా? అదీకాక తన ఇంటి సంగతి నలుగురికీ తెలియడం తనకి ఇష్టం లేదు. అసలు తప్పంతా నీది. మీ పిన్ని యుద్ధరహస్యాలు శత్రువుకి చెప్పమని ఎవడన్నాడు నిన్ను?"

మర్నాడు నాలుగుకి పది నిమిషాలుండగా బాబాయ్ 'ఇక్కడ కూర్చునే మనిషి' అని రాసి ఉన్న తలుపు తట్టాడు. ప్రూఫులు చేత్తో పట్టుకుని నేను కూడా వెనకాలే వెళ్లాను. హాల్లో బైండింగ్ అక్క సూది పట్టుకుని మా వంకే చూస్తోంది. సూది మాత్రం కదలడం లేదు.

"నలభై నాలుగో డిమాండమ్మా" అన్నాడు బాబాయ్, దగ్గు మందు లేబులు వెనక రాసిన కాగితం ఒకటి బల్ల మీద పెట్టి.

ఆవిడ పైకి చదివింది. "'ప్రతిరోజూ నాలుగు నుంచి నాలుగుంపావు వరకు మెషీనుకి విశ్రాంతి ఇవ్వాలి. ఇది శాశ్వతం. యజమానులు మారినా మారదు.' మెషీనుకి విశ్రాంతా మాస్టారూ? అదేమైనా మనిషా?"

"పొద్దుట ఎనిమిది నుంచీ తిరుగుతోందమ్మా. వేడెక్కిపోతుంది. మా మీద జాలి పడమని నేనెప్పుడూ అడగలేదు. కానీ అది మీ సొంతం. దాని మీదైనా పడండి."

"ఒప్పుకుంటే ఇదే ఆఖరిదా?"

ప్రపంచ వ్యవస్థ మీద బాబాయ్‌కి ఇంకా చాలా అభ్యంతరాలున్నాయి. "ఆఖరిదే" అన్నాడు.

చిన్నమ్మ గారు ఆ కాగితం వైపు చూసింది, బాబాయ్ వైపు చూసింది, తలుపులోంచి హాలు చివరికంటా ఒకసారి చూసింది. సంతకం పెట్టి స్టాంపు వేసింది. బాబాయ్ కాగితం అందుకుని గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచింది.

"మాస్టారూ, ఆ వెనక తలుపు తీసినప్పుడల్లా కిర్రుమంటోంది. నిన్న నా గదిలోకి కూడా వినిపించింది. కాస్త నూనె వేయండి. మెషీనుకి విశ్రాంతి ఇస్తున్నప్పుడు చప్పుడెందుకు?"

బాబాయ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్లి తలుపుకి నూనె వేశాడు. ఆ తర్వాత వారం రోజులు నాలుగైతే చాలు, స్టూలు చంకన పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, సమ్మె లేదని గుర్తొచ్చి వెనక్కి వచ్చేవాడు. చివరికి స్టూలు తీసుకెళ్లి పూలకుండీ పక్కన వేసుకుని, అందులో తన వంతు భూమిని శ్రద్ధగా చూసుకుంటూ కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు.

మహాగ్రంథం అచ్చు కాలేదు. పాత మెషీను పోయి కొత్తది వచ్చింది, చిన్నమ్మ గారి తర్వాత ఇంకెవరో వచ్చారు. ఇప్పుడక్కడ పనిచేసేవాళ్లలో బాబాయ్ పేరు విన్నవాళ్లు లేరు. నాలుగింటికి మెషీను ఆగుతుంది. టీ తాగుతారు.