కొండలమ్మ కేక

విజయవాడ వన్ టౌన్ చేపల బజారులో కొండలమ్మ గొంతు తెలియనివాళ్లు లేరు. "రాండి రాండి, కొల్లేటి కొర్రమీను, ఇంకా ఎగురుతోంది!" అని కేకేసిందంటే వీధి మొదట్లో ఆటో దిగేవాళ్లు కూడా తల తిప్పాల్సిందే. చివరికి ఆ గొంతే ఆమె కొంప ముంచింది.

మొగుడు కోటి, హనుమాన్ జంక్షన్ వైపు నుంచి చేపల లోడు తోలే డ్రైవరు. తాగినా కొట్టేవాడు, తాగకపోయినా కొట్టేవాడు. ఏళ్ల తరబడి పడింది. ఒకరోజు చెయ్యి విరిగింది. ఆసుపత్రిలో డాక్టరు అడిగితే, చేపల నీళ్లలో జారిపడ్డానంది. బజారులో ఆడవాళ్లందరూ చెప్పేది అదే, నోటికి అలవాటైపోయిన మాట. కట్టు కట్టించుకుని ఇంటికొస్తే కూతురు సింధూరి ఆ కట్టు చూసి మంచం కింద దాక్కుంది. అప్పుడు తెగించింది. పిల్లను వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకు పోయి కేసు పెట్టింది. ఆ ఇంటికి మళ్లీ పోలేదు, బజారు వెనక ఒక గది అద్దెకు తీసుకుంది.

కుల పెద్ద జక్కయ్య ఊరుకుంటాడా? "కోర్టులో వాడి తప్పు లేదని తేలితే మాత్రం కాపురానికి వచ్చెయ్యాలమ్మాయ్" అని పదిమందిలో మాట తీసుకున్నాడు. జరిగింది జరిగినట్టు చెబితే ఎందుకు నమ్మరులే అన్న ధీమాతో ఆమె సరేనంది. పిచ్చిది!

కోర్టులో కోటి తరఫు లాయరు తీరిగ్గా అడిగాడు.

"ఏమ్మా, నీ కేక బజారంతా వినపడుతుందట కదా?"

"వినపడిద్దండి."

"మరి మొగుడు కొడుతుంటే ఒక్క కేకన్నా వేశావా? గోడ అవతలి వాళ్లు ఒక్కళ్లూ వినలేదే!"

"వెయ్యలేదండి. పిల్ల లేచిద్దని కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. చేపలమ్ముకోడానికి అరుస్తాం గానీ, మొగుడు కొట్టాడని అరుస్తామా అండీ?"

లాయరు నవ్వాడు. అందులో నవ్వేందుకు ఏముందో ఆ మహానుభావుడికే తెలియాలి. జారిపడ్డానని ఆమె నోటితోనే చెప్పింది, దెబ్బలు చూసినవాళ్లు లేరు, ఏడుపు విన్నవాళ్లు లేరు. నేరం రుజువు కాలేదని కోటిని వదిలేశారు. కొండలమ్మకు ఒళ్లు మండిపోయింది. అరవకుండా ఓర్చుకున్నందుకా ఈ శిక్ష?

ఆదివారం బజారు కిటకిటలాడుతుండగా జక్కయ్య వచ్చాడు. వెనకాలే కోటి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లికొడుకులా.

"మాటిచ్చావు గదమ్మాయ్. సర్దుకో, పోదాం" అన్నాడు జక్కయ్య.

"ఇచ్చాను బాబాయ్. ఇప్పుడు తప్పుతున్నాను. ఏవనుకుంటారో అనుకోండి."

కోటి వంగి, విరిగి అతికిన ఆ చేతినే పట్టుకుని మెలిపెట్టాడు. "నోరు మూసుకుని నడువు" అన్నాడు మెల్లగా.

అలవాటుగా ఆమె రెండో చెయ్యి కొంగు మీదికి పోయింది. నోటిదాకా తెచ్చింది కూడా. ఛీ అనుకుని వదిలేసింది. గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"రాండి రాండి! మా ఆయన నా చెయ్యి విరుస్తున్నాడు, చూద్దురు గాని రాండి! పాత చెయ్యే, మళ్లీ విరుస్తున్నాడు!"

కత్తిపీటలన్నీ ఆగిపోయాయి. బేరాలు ఆగిపోయాయి. ఎదురు కొట్టు శివపార్వతి చేతిలో చేప చేతిలో ఉండగానే లేచి నిలబడింది. కోటి గబుక్కున చెయ్యి వదిలేశాడు.

"వదిలేశావేం? పట్టుకో! ఇయ్యాల వినేవాళ్లున్నారు."

"ఊరుకోవే, పరువు పోద్ది!" అన్నాడు జక్కయ్య చుట్టూ చూసుకుంటూ.

"పోనీ బాబాయ్. నాది కాదుగా."

కొండలమ్మ చేపల మీద తడి గోనె కప్పింది. చేతులు కడుక్కుంది. గొంతు తగ్గించకుండానే అడిగింది.

"స్టేషనుకు పోతన్నా. నా కేక వినపడినోళ్లు ఎవరన్నా వస్తారా?"

శివపార్వతి చేతిలో చేప గంపలో పడేసి చెప్పులు వేసుకుంది. ఆమె వెనక బజారులో సగం మంది లేచారు.