తిరగేసి తొడిగే చొక్కా

పుంగనూరు బస్టాండు వెనక సందులో మునీశ్వరి ఇరవై ఏళ్లుగా మిషను కుడుతోంది. ఎన్నికలొస్తే జాకెట్లు పక్కనపెట్టి కండువాలు కుట్టాలి. ప్రతిసారీ గుడ్డ రంగు మారుతుంది, తెచ్చే మనుషులు మాత్రం చాలావరకు వాళ్లే.

మదనపల్లెలో సర్కారు బడి పంతులు గురుమూర్తి పార్టీలు మారే మంత్రి మీద ఒక నాటకం తయారుచేశాడు. అందులో మంత్రి వేషం రేవతి అనే డిగ్రీ పిల్లది. మంత్రికి బట్టలు కుట్టమంటే మునీశ్వరి కథంతా చెప్పించుకుని, మిగిలిపోయిన కండువా గుడ్డతో లోపలొక రంగు, బయటొక రంగు చొక్కా కుట్టింది. ప్రసంగం ఆపకుండానే మంత్రి దాన్ని తిరగేసి తొడుక్కోవచ్చు. వేదిక మీద భవనాలూ తెరలూ ఎందుకంది.

"కుర్చీ ఒకటి సాలప్పా. దాన్ని ఆయప్ప నడుముకే కట్టేయండి."

కుప్పంలో నాటకం ఆడిన రోజు దామోదర్ అనే నాయకుడు ముఖ్య అతిథి. ఆ ఏడే మూడో పార్టీలో చేరిన ఘనుడు. నడుముకు కుర్చీ వేలాడుతుండగా రేవతి చొక్కా తిరగేయగానే జనం ఆయన వైపు తిరిగి నవ్వారు. తనను చూసి మురిసిపోతున్నారనుకుని ఆయనా నవ్వాడు. పక్కవాడు చెవిలో చెప్పేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

మర్నాడు ఆయన అనుచరుడు పాపన్న నలుగురిని వెంటేసుకుని పుంగనూరు వచ్చాడు. కిందటి ఎన్నికల్లో వేరే పార్టీ కండువాలు ఇదే కొట్లో కుట్టించుకుపోయిన పాపన్నే. అన్నను అవమానించావు, వచ్చి కాళ్లు పట్టుకో అన్నాడు.

మునీశ్వరి మిషను ఆపింది. తలెత్తి అడిగింది: "ఆయప్ప పేరు నేను యాడన్నా కుట్టినానా పాపన్నా? ఆయప్పకు సరిపోయిందని మీరే సెప్తాండారు."

వాళ్లు మిషనును కిందికి తోసి, కుట్టు ఊడిందని అప్పుడే తిరిగొచ్చిన చొక్కా పట్టుకుపోయారు. కండువాల పని ఆగిపోయింది. గురుమూర్తి బదిలీకి భయపడి మంత్రిని పక్క దేశం రాజుగా మార్చేశాడు. నగల పెట్టె, కిరీటం, మీసాలు తెచ్చుకున్నాడు. ఆ నాటకానికి దామోదరే వచ్చి శాలువా కప్పాడు.

రేవతి మాత్రం నలుగురు స్నేహితురాళ్లను కూడగట్టుకుని, పాత నాటకం తామే ఆడతామని మునీశ్వరి దగ్గరికొచ్చింది. బాగుచేయించిన మిషను మీద ఒక్క మధ్యాహ్నంలో రెండో చొక్కా తయారైంది. నిమ్మనపల్లె సంతలో ఆడినప్పుడు తనూ వెళ్లింది; తాను కుట్టినదాన్ని వేదిక మీద చూడడం మునీశ్వరికి అదే మొదటిసారి. జనం పగలబడి నవ్వుతుంటే ఆమె చొక్కానే చూస్తూ కూర్చుంది. ఎడమ చెయ్యి అరంగుళం పొట్టిగా వచ్చిందని తిరుగు బస్సులో పుంగనూరు దాకా బాధపడింది.