పైకి ఏడు, కిందికి ఆరు

ఆ ఏడాది లీగు సగం గడిచేసరికి మా జట్టు పట్టికలో ఎనిమిదో చోట ఉంది. మొత్తం ఇరవై జట్లు. ఏడాది చివర మొదటి రెండు జట్లు పై లీగుకు ఎక్కుతాయి, అడుగున మిగిలిన మూడు కింది లీగుకు దిగిపోతాయి. రెండో స్థానంలో ఉన్న జట్టుకూ మాకూ ఏడు పాయింట్ల తేడా. అడుగు నుంచి మూడో జట్టుకూ మాకూ ఆరు. ఏడు ఎక్కలేమా అని సగం మంది, ఆరు జారితే ఎలాగా అని సగం మంది. టీకొట్టు దగ్గరా, బ్యాంకు వరసలోనూ, ఆసుపత్రి బెంచీల మీదా ఇదే గోల. ఆ రోజుల్లో అందరికన్నా ఎక్కువ నలిగిపోయిన మనిషి అద్దాలక్క.

ఆమె ఇరవై ఆరేళ్ళుగా ఓ కళ్ళద్దాల షాపు వెనక గదిలో అద్దాలు అరగదీస్తోంది. డాక్టరు చీటీ చూసి, అద్దం మిషన్‌కు ఎక్కించి, అంచులు గీకి, ఫ్రేములో బిగించి ఇస్తుంది. యాభై రెండేళ్ళుంటాయి. మనిషి పొట్టి, గొంతు మాత్రం గట్టిది. మేం తూర్పు స్టాండులో కూర్చునే వాళ్ళం, ఆమె మా పదకొండో వరస. పక్క సీటు వాళ్ళ అన్నయ్యది. ఆయన ప్రింటింగ్ ప్రెస్‌లో మిషన్‌ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఆ రొదకి చెవులు మొద్దుబారి, మామూలు మాట కూడా అరిచినట్టే మాట్లాడతాడు. ఆమె భర్త నీళ్ళ ఆఫీసులో గుమాస్తా. ఆయనకు ఫుట్‌బాల్ గురించి బంతి గుండ్రంగా ఉంటుందన్నంత వరకే తెలుసు.

మా క్లబ్బును నడిపే కమిటీలో ఐదు కుర్చీలుంటే, ఒకటి మాలాంటి సభ్యులది. రెండేళ్ళకోసారి ఎన్నిక. అద్దాలక్క రెండుసార్లు గెలిచింది. మొదటిసారి ఎందుకు గెలిచిందో ఎవరికీ గుర్తులేదు. రెండోసారి మాత్రం మా స్టాండు మరుగుదొడ్ల తలుపులకు గడియలు పెట్టించినందుకు గెలిచింది. అంతకుమించి పెద్ద తగాదాలేవీ అప్పటిదాకా ఆమె ముందుకు రాలేదు.

తగాదా మాస్టారితో వచ్చింది. మా కోచ్ ఒకప్పుడు బడిలో భూగోళం చెప్పేవాడు, అందుకే ఆ పేరు. ఆయనకు ఆడించడం ఒకే రకంగా వచ్చు. అందరూ ముందుకే. ఓ వారం నాలుగు మూడుతో గెలిచేవాళ్ళం, మరో వారం నాలుగు సున్నాతో చిత్తయ్యేవాళ్ళం. గెలిచినా ఓడినా స్టేడియం నుంచి బయటికొచ్చేసరికి గొంతులు పోయేవి. ఆయన్ని పంపేసి తాళాలాయన్ని తెద్దామని కమిటీలో ఇద్దరు పట్టుబట్టారు. తాళాలాయనంటే ఓ పాత కాలపు కోచ్. గోలు ముందు తాళం వేసేస్తాడని ఆ పేరు. ఆయన చేయి పడిన జట్టు ఒక్కటీ కింది లీగుకు దిగలేదు. ఒక్కటీ పైకి ఎక్కనూ లేదు.

మంగళవారం మధ్యాహ్నం ఛైర్మన్ ఫోన్ చేశాడు. "అమ్మా, ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. మిగిలింది మీ ఓటే. సోమవారం సాయంత్రం మీటింగు. ఈలోగా బాగా ఆలోచించుకోండి."

"మీరెటండీ?" అని అడిగింది ఆమె.

"నేను మాస్టారి వైపే. కానీ మీమీద ఒత్తిడేం లేదు," అన్నాడాయన. ఒత్తిడి లేదని ఎవరైనా చెప్పాక మొదలయ్యే ఒత్తిడి వేరు. 

సంగతి సాయంత్రానికే పొక్కింది. మర్నాడు షాపుకొచ్చినవాళ్ళు కళ్ళజోడు సంగతి మర్చిపోయి ఓటు సంగతే ఎత్తారు. మంగలాయన ఫ్రేము సరిచేయించుకునే వంకతో వచ్చి, "అక్కా, ఇరవై ఏళ్ళలో ఇంత పైన ఎప్పుడున్నాం చెప్పు? ఇప్పుడు వెనక్కి తగ్గితే మళ్ళీ ఈ జన్మలో ఎక్కం," అన్నాడు. ఆయన వెళ్ళాడో లేదో లెక్కల టీచరమ్మ వచ్చింది. "అక్కా, నేను లెక్కేశాను. ఇలాగే గోల్స్ ఇచ్చుకుంటూ పోతే మార్చికల్లా అడుగుకి చేరతాం. మీ దయ," అంది. ఇద్దరి మాటా ఆమెకు నిజమే అనిపించింది. ఆ గొడవలో ఓ పెద్దాయన అద్దం కోణం తప్పు కోసింది. ఆయన పెట్టుకుని నాలుగడుగులు వేసి, "నేల పక్కకి ఒరిగినట్టుందేంటమ్మా?" అన్నాడు. ఇరవై ఆరేళ్ళలో అదే మొదటి తప్పు. క్షమాపణ చెప్పి, మళ్ళీ కోసి ఇచ్చింది.

ఆమె భయానికి ఓ కారణం ఉంది. వాళ్ళమ్మ ఈ క్లబ్బు ఉతుకుగదిలో పంతొమ్మిదేళ్ళు జెర్సీలు ఉతికింది. పద్దెనిమిదేళ్ళ కిందట మా జట్టు కింది లీగుకు దిగిపోయిన ఏడాది క్లబ్బు ఇరవై రెండు మందిని పనిలోంచి తీసేసింది. అందులో వాళ్ళమ్మ ఒకతి. ఆ తర్వాత వాళ్ళమ్మ ఇంట్లో ఉతికిన బట్టలే మళ్ళీ ఉతుకుతుండేదట. మాసినవి లేకపోతే దిండు గలీబులు లాగి మరీ ఉతికేది. ఆ దృశ్యం అద్దాలక్క కళ్ళలోంచి పోలేదు. మళ్ళీ పైకి రావడానికి మాకు ఏడేళ్ళు పట్టింది. ఆ ఇరవై రెండు మందిలో ఒక్కరూ తిరిగి పనిలోకి రాలేదు.

గురువారం ఆమె స్టేడియానికి వెళ్ళింది. ఉతుకుగదిలో ఇప్పుడు ముగ్గురు ఆడవాళ్ళున్నారు. పెద్దావిడ తడి మేజోళ్ళు జతలు కలుపుతోంది. అద్దాలక్క ఏం అడగకముందే, "ఎందుకొచ్చావో తెలుసు అక్కా," అంది. "ఒక మాట చెప్పనా? మమ్మల్ని తల్చుకుని మాత్రం ఓటెయ్యకు."

"అదేంటి? మీరు గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు?"

"మా కోసం వేశావనుకో, రేపు జనం నిన్ను తిడితే ఆ తిట్లు మాకూ తగుల్తాయి. ఇక నీ మొహం ఎలా చూడమంటావ్? నీకు ఆట ఎలా అనిపిస్తే అలా వెయ్యి."

ధైర్యం చెబుతుందనుకుని వెళ్తే, ఉన్న బరువు మీద ఇంకో బరువు ఎత్తి పంపింది. అక్కడినుంచి గేటు కాపలా వాళ్ళు, క్యాంటీన్ ఆడవాళ్ళు, గడ్డి కోసే మనిషి, అందర్నీ చూసుకుంటూ బయటికొచ్చింది. మొత్తం ముప్ఫై ఒక్క మంది. లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టింది.

శుక్రవారం సాయంత్రం అన్నయ్య ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పుతూనే అరిచాడు. "ఏమే, తాళాలాయనకి వేస్తావటగా!"

"ఎవరు చెప్పారు? నేనింకా తేల్చుకోలేదు."

"నీ మొహమే చెప్తోంది. అమ్మ సంగతేగా? నాకు మాత్రం తెలీదా? పని పోయిన తర్వాత కూడా అమ్మ ఒక్క ఆట మానలేదే. జల్లుల్లో తడుస్తూ, కింది లీగులో ఊరూ పేరూ లేని జట్లతో ఆడుతుంటే, నా భుజం పట్టుకుని ఎగిరేది. నువ్వు అమ్మ ఉతకడమే చూశావ్. ఎగరడం చూళ్ళేదు."

"చూశాను. ఆ ఎగిరిన మనిషే రాత్రిళ్ళు గోడవైపు తిరిగి పడుకునేది. అది నువ్వు చూళ్ళేదు. నువ్వప్పటికి వేరుకాపురం, అమ్మ నా దగ్గరుండేది."

ఆ మాట ఆయనకు చురుక్కుమంది. ఆమె భర్త మధ్యలో దూరి, "బంతాటకి ఇంత గొడవేంటి బావగారూ," అన్నాడు పాపం. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒక్కసారే ఆయనవైపు తిరిగి, "నువ్వూరుకో!" "మీరూరుకోండి!" అన్నారు. ఆయన పేపరు చాటుకి వెళ్ళిపోయాడు. అన్నయ్య విప్పిన చెప్పులు మళ్ళీ తొడుక్కుని వెళ్ళాడు.

శనివారం మా సొంత మైదానంలో ఆట. వచ్చిన జట్టు సరిగ్గా ఆ గీత మీదున్నదే, అడుగు నుంచి మూడోది. గెలిస్తే మాకూ వాళ్ళకూ తొమ్మిది పాయింట్ల ఎడం. ఓడితే మూడే. అన్నాచెల్లెళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు గానీ మాటల్లేవు. మధ్యలో వాళ్ళ గొడుగు ఒక్కటే రాయబారిలా ఉంది. అరగంట తిరగకుండానే మావాళ్ళు రెండు గోల్స్ కొట్టారు. రెండో గోలుకి మా ఎడమ వైపు కుర్రాడు సగం మైదానం బంతిని ఒంటరిగా తీసుకెళ్ళి కొట్టిన తీరుకి, పట్టింపు మర్చిపోయి అన్నయ్య చెల్లెలి చేయి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.

రెండో సగంలో మాస్టారు ఇంకో ముందుకురికేవాణ్ణి దించాడు. "మూడోది కావాలిట ఈయనకి!" అంది అద్దాలక్క. "కావాలి మరి!" అన్నాడు అన్నయ్య. వెనక ఖాళీ అయిపోయింది. ఓ గోలు పడింది. ఇంకోటి పడింది. ఆఖరి నిమిషంలో మావాళ్ళు గెలుద్దామని మళ్ళీ అందరూ ముందుకే పోయారు. ఎదుటివాళ్ళు ఒక్క పొడుగు దెబ్బతో బంతిని మా గోలు ముందుకు చేర్చి మూడోది కొట్టేశారు. స్టాండంతా చచ్చినట్టయింది. అన్నయ్య ఒక్కడే లేచి చప్పట్లు కొడుతున్నాడు. మావాళ్ళకే. అద్దాలక్క గొడుగు తీసుకుని ఆయన కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది.

సోమవారం సాయంత్రం మీటింగుకు మాస్టార్ని పిలిచారు. చేతిలో ఏవో కాగితాలున్నాయి గానీ తెరవలేదు. అద్దాలక్క సూటిగా అడిగింది. "మాస్టారూ, ఈ ఏడాది కిందికి దిగబోమని మాటివ్వగలరా?"

"ఇవ్వలేనండీ," అన్నాడాయన. "పైకి ఎక్కుతామని కూడా ఇవ్వలేను. పిల్లలు భయపడకుండా ఆడేట్టు చూస్తాను. నాకొచ్చింది అదే."

"శనివారం రెండు సున్నా ఉన్నప్పుడు ఒక్కణ్ణి వెనక్కి లాగి ఉంటే?"

"గెలిచేవాళ్ళమేమో. కానీ వచ్చే శనివారం పిల్లలు ముందే వెనక్కి చూసుకోవడం మొదలెడతారు."

ఆయన్ని బయటికి పంపి చేతులెత్తమన్నారు. మార్చాలనే వైపు రెండు చేతులు లేచాయి. కాస్త ఆగి మూడోది లేచింది. ఆమె చెయ్యే. ఆ చెయ్యి తనది కాదేమో అనిపించిందని తర్వాత మాతో చెప్పింది. ఛైర్మన్ వెళ్ళి మాస్టారికి చెప్పొచ్చాడు. ఆయన గుమ్మంలోంచే "వస్తానండీ" అని అందరికీ కలిపి చెప్పి వెళ్ళిపోయాడు. ఆమెవైపు విడిగా చూడలేదు. చూసి ఉంటే కాస్త నయంగా ఉండేదేమో.

తాళాలాయన వచ్చాడు, వచ్చీరాగానే తాళం వేశాడు. సున్నా సున్నా. ఒకటి సున్నా. మళ్ళీ సున్నా సున్నా. ఎడమ వైపు కుర్రాడు మైదానం సగం దాటడం మానేశాడు. మిగిలిన పద్దెనిమిది ఆటల్లో ఒక్కసారి కూడా మేం ఆ మూడు పాయింట్లకన్నా గీతకు దగ్గరగా పోలేదు. రెండో స్థానం వైపూ పోలేదు. ఆఖరికి పదో చోట ఆగాం. లెక్కల టీచరమ్మ తప్ప ఎవరూ ఆమెకు థాంక్స్ చెప్పలేదు. మంగలాయన ఆ షాపు మెట్లెక్కడం మానేసి అద్దాలు వేరే చోట చేయించుకున్నాడు. ఆ కొత్త కళ్ళజోడు పెట్టుకునే మా వరసలో కూర్చునేవాడు.

అన్నయ్య మూడు ఆటలకు వచ్చి నాలుగోదానికి రాలేదు. ఆమె ఫోన్ చేస్తే, "నీమీద కోపం కాదే. ఆ ఆట చూస్తుంటే నిజంగా నిద్రొస్తోంది," అన్నాడు. కోపమన్నా బాగుండేది. పక్క సీటు ఖాళీగా పెట్టుకుని, గెలుస్తున్నా స్థిమితం లేక, ఓడుతున్నా ఏడుపు రాక, ఆమె ఆటంతా గోళ్ళు కొరుక్కునేది. మాస్టారు ఉండి ఉంటే ఏమయ్యేదో అని మనసులో వేరే లీగు ఒకటి నడుపుకునేది. అందులో ఓసారి ఎక్కేవాళ్ళం, ఓసారి దిగేవాళ్ళం.

కొత్త లీగు ఏడాది మొదటి రోజున గేటు దగ్గర నిలబడి చూసింది. ముప్ఫై ఒక్క మందీ పనిలోకి వచ్చారు. ఉతుకుగది పెద్దావిడ ఆమెను చూసి ఆగి, చేయి నొక్కి లోపలికెళ్ళింది.

మళ్ళీ ఎన్నిక కోసం పెట్టిన సభ్యుల సమావేశంలో ఒకాయన లేచి, "అలా ఎందుకు వేశారో ఈరోజన్నా చెప్పండి," అన్నాడు.  ఆమె లేచి, "భయమేసింది," అంది. "మీ అందరి తరఫున వేయమని పంపారు. నేను నా భయం తరఫున వేశాను. దానివల్ల కొందరికి మేలు జరిగింది, అది అబద్ధం కాదు. ఆట పోయింది, అదీ అబద్ధం కాదు. ఈసారి వేరేవాళ్ళని పంపాలనుకుంటే పంపండి." పదకొండు ఓట్ల తేడాతో ఆమెనే మళ్ళీ పంపారు.

ఆ తర్వాతి ఆదివారం అన్నయ్య వచ్చి, "పద, ఓ చోటికి తీసుకెళ్తాను," అన్నాడు. బస్సెక్కించి ఊరి చివర ఓ కాలేజీ మైదానానికి తీసుకెళ్ళాడు. అక్కడ అమ్మాయిల జట్టుకు మాస్టారు కోచ్. అన్నయ్య వేసవి నుంచీ ప్రతి ఆదివారం అక్కడికే వస్తున్నాడట. చూసేవాళ్ళు నలభై మందికి మించి లేరు. కూర్చోడానికి బెంచీలు లేక అందరూ మైదానం గీత పక్కనే నిలబడ్డారు. మూడు మూడు దాకా వెళ్ళి, ఆ అమ్మాయిలు మళ్ళీ అందరూ ముందుకే పోయి, ఐదు మూడుతో ఓడిపోయారు. అయ్యేసరికి అద్దాలక్క గొంతు పూర్తిగా పోయింది.

మాస్టారు బంతులు సంచిలో వేసుకుంటూ ఆమెను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు. ఆమె ఏదో చెప్పబోయింది, మాట పెగల్లేదు. ఆయన నవ్వి, "రేపు వేడినీళ్ళు పుక్కిలించండి," అని వెళ్ళాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమె లేని గొంతుతోనే మొదలెట్టింది. "మూడు మూడు దగ్గర ఒక్క పిల్లనన్నా వెనక్కి పిలవాల్సింది."

"ఎందుకు పిలవాలే?" అన్నాడు అన్నయ్య, బస్సంతా తిరిగి చూసేట్టు.

"డ్రా అయ్యేదిగా!"

"అయితే నువ్వు అంతలా అరిచేదానివా?"

ఆమె జవాబు వెతుక్కుంటోంది, ఆయన ఇంకో మాట అందుకుంటున్నాడు. దిగాల్సిన చోటు వెనక్కి పోయిందని ఇద్దరూ గమనించలేదు.