గండికోటకు రెండు బండ్లు

మా తోడల్లుడు చంద్రశేఖర్ కొత్త గ్రాండ్ టూరర్, అంటే దూరప్రయాణాల కోసం చేసిన ఖరీదైన కారు, కొన్నాడు. "అన్నా, దీన్ని మొదట గండికోటకే తోల్తా. నీ పాత కూపే కూడా తీసుకురా, రెండింటినీ రోడ్డు మీద పోల్చి చూద్దాం" అన్నాడు. నాది పెళ్ళికి ముందు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. పోల్చడానికి కాదు, చూపించుకోవడానికే పిలిచాడని నాకు తెలుసు. అయినా బయలుదేరాను.

ఉదయం ఆరు గంటలకు కర్నూలులో అతను నిమ్మకాయలు తొక్కించి బండి కదిలించాడు. చప్పుడే లేదు. నా కూపే రెండుసార్లు దగ్గి మూడోసారికి లేచింది. నా పక్కన ఎక్కబోతున్న మా ఆవిడ ఆగిపోయింది.

"మోకాళ్ళు నొస్తాండాయి. నేను చెల్లెలి బండిలో వస్తా. దాంట్లో ఏసీ ఉండాది."

పెళ్ళైనప్పటి నుంచీ ఆమెదే అయిన సీటులో నీళ్ళ సీసా పెట్టుకుని వాళ్ళ వెనకే పోయాను.

నంద్యాలలో ఇడ్లీ, కారం దోసె తిన్నాం. పెందలాడే చేరితే వేడిగా దొరుకుతాయి. "ఏం బావా, ముఖమంతా దుమ్మే! మా బండిలో నేను స్వెటర్ వేసుకుంటి" అని మరదలు నవ్వింది. టీ తాగకుండానే లేచాను.

కోయిలకుంట్ల దాటాక రైతులు రోడ్డు మీద కొర్ర కంకులు పరిచి ఉంచారు. పోయే బండ్ల చక్రాల కిందే వాటి నూర్పిడి. ఒక పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టి కొత్త బండిని ఆపింది.

"దీని కడుపు నేలకు ఆనుకొని ఉండాది నాయనా. గడ్డీ కసువూ చుట్టుకుంటే కాలిపోతాది. ఉండు, ఓరగా దోవ తీస్తాం." నా వైపు తిరిగి, "నీది దీనికంటే ఎత్తుగా ఉండాది, నువ్వు రాప్పా. రెండు తూర్లు తొక్కించు" అంది.

నాలుగు తూర్లు తొక్కించాను. చంద్రశేఖర్ దిగి నిలబడి చూస్తూనే ఉన్నాడు. పొద్దుటి నుంచి మండుతున్న నా కడుపు కాస్త చల్లబడింది.

గండికోటలో ఎండ ముదరకముందే పెన్నా లోయ అంచుకు పోయి రావాలి. తర్వాత రాళ్ళు కాలుతాయి. అది చూసి వచ్చి, అక్కడే హోటల్లో భోంచేసి చెయ్యి కడుక్కుంటుంటే చంద్రశేఖర్ నా పక్కకు వచ్చాడు.

"అన్నా, తిరుగు దోవలో నీ బండి నాకియ్యి. మనసంతా దాని మీదే ఉండాది."

"మరి నీ బండి?"

"అది దానంతటదే నడుస్తాదన్నా. దాంట్లో నాకు పనేముండాది?"

కాదనలేక తాళం ఇచ్చాను. మరదలు కూపేలో అతని పక్కన ఎక్కింది. మా ఆవిడ కొత్త బండిలోనే నా పక్కన కూర్చుంది.

ఉన్నదున్నట్టు రాస్తున్నాను: ఆ బండి గొప్పది. గుంతలు తెలియవు, వేగం తెలియదు. దూరప్రయాణానికి అదే మేలు. కూపేలో గేరు మార్చిన ప్రతిసారీ భుజం పట్టేస్తుంది. కానీ ముందు ఆ కూపేనే పోతోంది, చంద్రశేఖర్ మోచెయ్యి కిటికీలో పెట్టుకుని నడుపుతున్నాడు. జమ్మలమడుగులో టీ అంగడి దగ్గర జనం దానికి చేతులూపారు. మాకు దారి ఇచ్చి ఊరుకున్నారు.

"ఏమయ్యా, మన బండి పోతాంటే ఇంత బాగుంటాదా?" అంది మా ఆవిడ. "ఎప్పుడూ లోపలే కూర్చుంటిమి, చూసిందే లేదు."

నేనూ చూడలేదు. అంత చల్లటి ఏసీలో నాకు చెమట పట్టింది. పొద్దున అతని బండిని చూసి కుళ్ళుకున్నాను. ఇప్పుడు నా బండిలో అతన్ని చూసి.

సాయంత్రం కర్నూలులో వాళ్ళ ఇంటి ముందు ఆగాం. "అన్నా, రేపటిదాకా ఉంచుకోనా?" అన్నాడు చంద్రశేఖర్. నేను చెయ్యి చాపి తాళం తీసుకున్నాను. మరదలు ఇంకా కూపేలోనే జారగిలబడి ఉంది. మా ఆవిడ మోకాళ్ళ సంగతి మరిచి చకచకా పోయి, ఆ తలుపు తీసి పట్టుకుంది.

"దిగు మే. అది నా సీటు."