దేవుని కుండలో ఎదురింటి బియ్యం

నా చిన్నప్పుడు రెండేళ్లు వరుసగా మా పొలాలను తడిపే ఎడమ కాలువకు సరిగా నీళ్లు రాలేదు. మిర్యాలగూడకూ హాలియాకూ మధ్యనున్న మా ఊళ్లో నాట్లు లేవు, నాట్లు లేక కూలీ లేదు. మా నాన్న మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. మిల్లుకే వడ్లు రాకపోతే ఆయన మోసేదేముంది? వారంలో నాలుగు రోజులు ఉత్త చేతులతో తిరిగొచ్చి గోడకు ఆనుకొని కూర్చునేవాడు. ఇల్లు నడిపింది మా నాయనమ్మ. ఎట్లా నడిపిందంటే, అప్పు మీద నడిపింది.

ఆ అప్పు డబ్బు కాదు, బియ్యం. ఎదురింట్లో గొర్రెలు కాసుకునే కుటుంబం ఉండేది. నాయనమ్మ కొంగు చాటున ఖాళీ గిన్నె పెట్టుకొని ఆ ఇంటి అవ్వ దగ్గరికి వెళ్లేది, నిండు గిన్నెతో వచ్చేది. అవ్వ ఏనాడూ లెక్క అడగలేదు. ఆమె అడగలేదు కాబట్టి మాకూ తొందర లేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది కానీ, అప్పుడది మాకు ఎంతో హాయిగా ఉండేది.

మాది చర్చికి వెళ్లే ఇల్లు. పొయ్యి మీద ఎసరు పెట్టగానే, కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి మూలనున్న మట్టికుండలో వేయడం నాయనమ్మ నియమం. అది దేవుని కుండ. అందులో పోగైన బియ్యాన్ని ఏటా కోతల పండుగనాడు చర్చిలో అర్పించేవాళ్లం. మేము అర్ధాకలితో లేచిన రోజున కూడా ఆ కుండ జోలికి ఎవరమూ పోలేదు. పంటలు లేకపోయినా ఆ ఏడు పండుగ మానలేదు. సంచి నెత్తిన పెట్టుకొని అందరి ముందూ నడిచివెళ్లి బల్ల దగ్గర దించే వంతు నాదని నాయనమ్మ ముందే మాటిచ్చింది. నెల రోజులుగా ఆ నడకే నా కలల నిండా.

పండుగ పొద్దున నాయనమ్మ నాకు జడ వేస్తుంటే ఊరికే ఒక ముచ్చట చెప్పాను. ఎదురింటి కోడలు బాలింత. ఆమెకు జొన్న గటక పెడుతున్నారు, అది మింగుడుపడక ఏడుస్తోంది, నిన్న ఆడుకోబోయినప్పుడు చూశాను. ఆ ఇంటి మగవాళ్లు మేత కోసం మందను కోదాడ దాటించి తోలుకుపోయి మూడు నెలలు. ఎప్పుడైనా కిరాణా కొట్లోని కాయిన్ బాక్సుకు ఫోను చేయడం తప్ప డబ్బు పంపింది లేదు. అవ్వ ఇంట్లో బియ్యం అయిపోయాయి.

జడ వేస్తున్న చేతులు ఆగిపోయాయి. నాయనమ్మ కుండ వైపు చూసింది.

"బిడ్డా, ఇన్ని దినాలు నేను దేవునికి పెట్టింది ఎవ్వరి బియ్యమే?" అంది.

మనవే కదా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

చర్చి గంట మోగుతుంటే మేం కుండలోని బియ్యం సంచిలో పోసుకొని ఎదురింటికి వెళ్లాం. అవి ఎక్కడివో అవ్వకు తెలుసు. సంచి చూడగానే రెండడుగులు వెనక్కి వేసింది.

"వద్దక్కా, దేవుని సొమ్ము ముడితే నా పసిపిల్లకు ఏమన్న అయితది. మీ దేవుడైతేంది, మా దేవుడైతేంది? తీస్కపో."

నాయనమ్మ సంచి దించి గడప మీదే కూర్చుంది.

"ఇవి దేవునియి కావు సెల్లె, నీయే. నీ కాడికెల్లి తెచ్చుకొని, అండ్లకెల్లి పిడికెడు తీసి, దేవునికి ఇస్తున్ననని మురిసిన. నువ్వు అడగలే, నేను ఇయ్యలే. ఇయ్యాల గివి చర్చికి తీస్కపోతే ఆయన మొకం ఎట్ల సూడాలె?"

లోపల పసిపిల్ల ఏడ్చింది. అవ్వ మెల్లగా వచ్చి సంచి అందుకుంది. ఇంకా ఎంత బాకీ ఉందో తనకు యాది లేదంది. "నాకు ఎరుకే" అంది నాయనమ్మ.

చర్చిలో అందరూ గుమ్మడికాయలూ కోళ్లూ బియ్యం సంచులూ పట్టుకొని వరుసగా నడుస్తుంటే మేమిద్దరం చాప మీద కూర్చుండిపోయాం. అందరూ మమ్మల్నే చూస్తున్నారనిపించి ఏడుపొచ్చింది. ఆరోజంతా నాయనమ్మతో మాట్లాడలేదు. ఆమె నన్ను బుజ్జగించనూ లేదు, బాగా అలసిపోయి ఉంది. మరుసటేడు నీళ్లొచ్చాక, నడుం వంగని వయసులో నాట్లకు పోయి మిగతా బియ్యం గిన్నెకు గిన్నె కొలిచి ఇచ్చింది. అప్పటిదాకా దేవుని కుండ బోర్లించే ఉంది.

ఇప్పుడు సూర్యాపేటలో కిరాయి ఇంట్లో ఉంటున్నాను. జీతం వచ్చిన మూడో రోజుకే బ్యాంకు కిస్తీలకు సగం పోతుంది. మా పాప ఆపరేషన్‌కు నాతో పనిచేసే అక్క ఇచ్చిన డబ్బు ఇంకా పూర్తిగా తీర్చలేదు. ఆమె అడగదు. అడగదు కాబట్టే, మిగిలినదాంట్లోంచి ముందు ఆమె బాకీకే తీసి ఇస్తున్నాను. ఆదివారం కానుకల సంచి నా దాకా వచ్చినప్పుడు, కొన్ని నెలలుగా, ఖాళీ చేత్తోనే పక్కావిడకు అందిస్తున్నాను. చూసేవాళ్లు చూస్తారు. చూడనీ. ఆ సంచిలో అక్క డబ్బు వేసి నేనిచ్చానని దేవునికి చెప్పుకోవడం నా వల్ల కాదు.