మింగేదాకా జవాబు లేదు

మా బైండింగ్ మేస్త్రి పోయారన్న సంగతి నాకు రైల్లో తెలిసింది. బండి పెనుకొండ దాటి కాసేపయింది. మా ఆఫీసులో ప్రూఫులు చూసే ఆమె ధర్మవరంలో ఎక్కి వస్తుంది. ఫోను చెవి దగ్గర్నుంచి దించి, "మేస్త్రి లేడంట మే" అంది. నిద్రలోనే పోయారట. ముందురోజు సాయంత్రం కూడా జిగురు సరిగా ఉడకలేదని పొయ్యితో పోట్లాడిన మనిషి. హిందూపురం వచ్చేదాకా ఇద్దరం ఆయన మాటలే చెప్పుకున్నాం. స్టేషన్లో దిగేసరికి కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాం. చూసినవాళ్లు ఏమనుకున్నారో తెలియదు.

హిందూపురంలో మాది చిన్న ప్రచురణ సంస్థ. పదో తరగతి గైడ్లు, పంచాంగం, వంటల పుస్తకాలు, అప్పుడప్పుడు ఎవరైనా రాసుకొచ్చిన కథలు వేస్తాం. నేను కంప్యూటర్లో పేజీలు కడతాను. మేస్త్రిది వెనక షెడ్డు. అచ్చయి వచ్చిన ఫారాలను మడిచి, వరుసగా పేర్చి, కుట్టి, అట్ట వేసే చోటు అది.

పుస్తకాల కంపెనీ అంటే రోజంతా చదువుకుంటూ కూర్చుంటామని బయటివాళ్లు అనుకుంటారు. పరీక్షల ముందు గైడ్ల కాలంలో మేము అన్నం కూడా నిలబడే తింటాం. పంచాంగం పని తగిలితే ఉగాది ముందు ఇల్లు గుర్తుండదు. పుస్తకం బాగుంటే ఫోను రాసినవారికి పోతుంది, తప్పుంటే మాకొస్తుంది. ఇవన్నీ మాలో మేము గొణుక్కునేవాళ్లం. మా ఓనరు చెడ్డవారేమీ కాదు. కాకపోతే ఎవరు ఏం చెప్పబోయినా సగంలోనే జవాబు చెప్పేసేవారు. దానికి మందు మేస్త్రి కనిపెట్టారు.

కొత్త పుస్తకం మొదటి ప్రతి చేతికొచ్చిన రోజు మధ్యాహ్నం షెడ్డులో అందరికీ బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. పాత పేపర్లు పరుచుకుని గుండ్రంగా కూర్చోవాలి. ఇక్కడ పని చేయడంలో నచ్చింది ఒకటి, నచ్చనిది ఒకటి ఒక్కొక్కరూ చెప్పాలి. ఓనరు తింటూ వినాలి. ప్లేటు ఖాళీ అయ్యేదాకా జవాబు చెప్పకూడదు. "నచ్చింది మాత్రమే చెప్పేటోళ్లకు బజ్జీ లేదు" అనేవారు మేస్త్రి. "మెచ్చుకునేకి ఇంగెవరన్నా వస్తార్లే."

చేరిన కొత్తలో నేను, "అంతా బాగుంది మేస్త్రీ" అన్నాను. ఆయన నా ప్లేటులో బజ్జీ తీసి పక్కామెకు వేశారు. "అంత బాగుంటే నీకు ఆకలెందుకైతాది పాపా?" అన్నారు. నా కుర్చీకి ఒక కాలు పొట్టి అని అప్పుడు చెప్పాను. బజ్జీ తిరిగొచ్చింది. మర్నాడు అట్టముక్కలు కుట్టి, గుడ్డ అంటించి, చిన్న పుస్తకంలా చేసి ఆ కాలికింద పెట్టారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఒకసారి వంటల పుస్తకం ఫారాలు, పంచాంగం ఫారాలు ఒకే బల్లమీద పడ్డాయి. పులిహోరకు ఆవాలు చిటపటలాడాక పేజీ తిప్పితే రాహుకాలం. పేర్చింది మేస్త్రే. ఆ మధ్యాహ్నం తన వంతు వచ్చినప్పుడు, "నాకు నచ్చంది నా కండ్లద్దాలు. నచ్చింది ఈ పుస్తకమే. ఏం వండల్లో, ఎప్పుడు వండగూడదో రెండూ ఉండాయి" అన్నారు. ఓనరుకు ఉగ్గాని పొలమారింది. తిట్టేందుకు ఊపిరి అందలేదు.

ఆ తర్వాత ఒక ఏడాది ఆఫీసు వేళ మారింది. తొమ్మిదికల్లా రావాలని, కుదరనివాళ్లు మానుకోవచ్చని ఓనరు చెప్పారు. మా బండి హిందూపురం చేరేది తొమ్మిదిన్నర దాటాకే. దానికి ముందొచ్చే బండి ఎక్కాలంటే పిల్లలు నిద్ర లేవకముందే ఇల్లు వదలాలి. ఈ పని పోతే నేను మళ్లీ చీరల కొట్లో నిలబడాలి. రెండుసార్లు చెప్పబోయాను. రెండుసార్లూ సగంలోనే జవాబు వచ్చింది. ఇక కొత్త పుస్తకం కోసం ఎదురుచూశాం. ఆ నెలాఖరుకు ఒక కథల పుస్తకం వచ్చింది.

నా వంతుకు లేచి నిలబడ్డాను. "రైల్లో ఒక బడిపిల్ల నేను కట్టిన పేజీ ఒళ్లో పెట్టుకుని లెక్కలు చేసుకుంటుంటే చూడటం నాకు నచ్చింది. ఆ రైలు ఎక్కే పని లేకుండా పోవడం నచ్చలేదు" అన్నాను.

ఓనరు నోరు తెరిచారు. మేస్త్రి ఆయన ప్లేటులో ఇంకో బజ్జీ వేశారు. అది తిని మళ్లీ తెరిచేలోపు మరొకటి.

"చాలు మేస్త్రీ!"

"మింగినాక మాట్లాడల్ల సార్. కట్టుబాటు గదా." తర్వాత మా అందరివైపు తిరిగారు. "నాకు నచ్చంది గూడా చెప్తా ఇనండప్పా. తొమ్మిదికి షెడ్డు తెరుస్తాం. పేజీలు కట్టే పాప లేదు, ప్రూఫులు చూసే ఆయమ్మ లేదు. నేనేం కుట్టల్ల? నా లుంగీనా?"

షెడ్డంతా నవ్వులు. ఓనరుకు కారం నసాళానికి అంటింది. నీళ్ల చెంబు చూస్తే మేస్త్రి వీపు వెనక ఉంది. ఓనరు నూనె చేతులు రెండూ ఎత్తి పది వేళ్లూ చూపించారు.

"పదికంట!" అని మేస్త్రి అరిచారు. "చేతుల్తో చెప్పినాడు, నోటితో కాదు. తప్పు లేదు." అప్పుడు గానీ చెంబు అందలేదు.

అప్పటినుంచి మా ఆఫీసు పదికి. బదులుగా మధ్యాహ్నం విరామం కాస్త తగ్గింది. అది నాకు ఇప్పటికీ నచ్చదు, ఆ మాట కూడా చెబుతూనే ఉన్నాను. నా పని నిలబెట్టారని మేస్త్రికి ఒకసారి దండం పెట్టబోతే, "జిగురు చేతులు, అంటుకుంటాయి పో" అన్నారు.

ఆయన పోయాక మొదటి పుస్తకం పోయిన వారం వచ్చింది. ఉగ్గాని ఉంటుందా అని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. బజ్జీలు వేసే మనిషి లేకపోతే ఓనరు మళ్లీ సగంలో జవాబు చెప్పేవారైపోతారని నాకు గుబులుగా ఉండింది. మధ్యాహ్నం ఆయనే పొట్లాలు పట్టుకుని షెడ్డులోకి వచ్చారు. జిగురు పొయ్యి పక్కన మేస్త్రి చోటు వదిలి, కింద కూర్చున్నారు. మేమూ కూర్చున్నాం. ఎవరూ మొదలుపెట్టలేదు.

ఓనరు ఒక బజ్జీ మొత్తం నోట్లో పెట్టుకున్నారు. దాని వెనకే ఇంకోటి. నీళ్ల చెంబును చెయ్యి అందనంత దూరం తోశారు. బుగ్గలు రెండూ ఉబ్బించుకుని, కారానికి ఎర్రబడ్డ కళ్లతో, మా ఒక్కొక్కరి వంకా చూస్తూ కూర్చున్నారు.